ఎడమ పిడికిలి

డాక్టరు ఎంత లాగినా మార్కు ఎడమ చేతి వేళ్లు విచ్చుకోలేదు. గోళ్లు అరచేతిలో దిగబడి పుండ్లు పడ్డాయి.

"మా అన్న ఇదంతా నాటకమంటున్నడు సారూ," అంది పక్కన నిలబడ్డ భార్య ఇన్నమ్మ. "మూడు నెల్ల సంది నాటకమాడే ఓపిక ఈయనకేడిది? చర్చిల పాట రెండో చరణానికే కునుకు తీస్తడు."

డాక్టరు నవ్వలేదు. స్కానింగు ఫిల్ములు పక్కన పెట్టాడు.

"నాటకం కాదమ్మా. నిన్న మత్తిస్తే వేళ్లు వాటంతటవే విచ్చుకున్నాయి. మెలకువ రాగానే బిగుసుకున్నాయి. నరం బాగుంది, ఎముక బాగుంది. భయమో దుఃఖమో మోయలేనంత అయితే మెదడు ఒక్కోసారి దాన్ని ఇట్లా కాలికో చేతికో దించుతుంది. ఆయన కావాలని చేస్తున్నది కాదు."

"ఏమైందో నేను చెప్త." ఇన్నమ్మ గొంతు తగ్గింది. "ఏన్కూరు నుంచి దమ్మపేట సంతకు పోతుంటే నడుమ వాగు కమ్మింది. మా పిల్లగాడు ఈ చెయ్యే పట్టుకున్నడు. నీళ్లు గుంజుకపోయినయి. ఈ చెయ్యి ఇంక వాణ్ణి వదుల్తలేదు సారూ."

రోజూ చేసినట్టే వంగి ఆ పిడికిలిని ముద్దు పెట్టుకుంది. మార్కు కిటికీ వైపు చూశాడు.

డాక్టరు ఆమెను బయట కూర్చోమని తలుపు మూశాడు.

"ఇంకో రెండు నెలలు ఇట్లాగే ఉంటే కండరాలు కుంచించుకుపోతాయి. తర్వాత మత్తిచ్చినా తెరుచుకోదు. మనసులో ఏముందో ఒక్కసారి నోటితో చెప్పండి మార్కు గారూ."

మార్కు ఏ సరుకునైనా కంటితోనే తూచే సంత వ్యాపారి. చెయ్యి పోతే ఏం పోతుందో, నోరు విప్పితే ఏం పోతుందో బేరీజు వేసుకున్నాడు.

"మా ఇంటామెకు చెప్పరు గద?"

"చెప్పను."

"పిల్లగాడు ఈ చేతిల లేడు సారూ. కుడి చేతిల ఉండె. ఎడమ చేతిల మిర్చి విత్తనాల సంచి ఉండె. వాగు నడుమ కాళ్లు లేసినయి. ఒక చెయ్యి ఖాళీ అయితేనే చెట్టుకొమ్మ అందుతది. నేను ఆలోచించలే. చెయ్యే లెక్క చూసుకుంది." బిగిసిన పిడికిలి వైపు చూసి అన్నాడు, "సంచి ఒడ్డుకొచ్చింది."

మార్కు బల్ల మీద తల వాల్చి, మూడు నెలల్లో మొదటిసారి ఏడ్చాడు. ఏడుస్తుండగా చిటికెన వేలు కదిలింది. తర్వాత ఉంగరం వేలు. నెమ్మదిగా అరచెయ్యి మొత్తం తెరుచుకుంది.

కళ్లు తుడుచుకుని బయటికి వచ్చాడు. బెంచీ మీది నుంచి ఇన్నమ్మ లేచి, ఆ చేతి కోసమే రెండు చేతులూ చాపి ఎదురొచ్చింది.

"ఏమన్నడు సారు? నయమైతదంటనా?"

మార్కు ఈసారి కావాలనే పిడికిలి బిగించాడు.