జడ్జీల డిస్కు

"ఇది అమ్మేది కాదు పిన్నిగారూ. అవార్డు జడ్జీలకని ఇరవై మాత్రమే చేశారు. దీనికోసం తిరిగి నా చెప్పులరిగిపోయాయి," అన్నాడు పాత డిస్కుల షాపతను.

"అమ్మద్దులే, ఒక్కసారి వినిపించు," అంది పెద్దావిడ. "హాల్లో ఆడిన సినిమాలో మా చెల్లెలికి ఎవరిదో గొంతు అతికించారు. దాని గొంతు నాకు మరుపుకొచ్చేస్తోంది బాబూ."

"ఇందులో సొంత గొంతే. డబ్బింగు కాకముందే హడావిడిగా పంపేశారు."

తెర మీద నర్సు వేషంలో చెల్లెలు తలొంచుకుని సీసా మూత తీస్తోంది. "మందు వేసుకోండి," అంది. వేషానికి ఉన్నది ఆ ఒక్క మాటే.

ఆ షూటింగు నాటికి అక్కచెల్లెళ్లకు రెండేళ్లుగా మాటల్లేవు. ఆ రోజున పెద్దావిడే ముందు దిగొచ్చి అక్కడికి వెళ్లింది. జనంలో నిలబడి ఎంతసేపు చూసినా చెల్లెలు తలెత్తలేదు. ఇంకా పొగరు దిగలేదనుకుని వెనక్కి తిరిగింది. నెల తిరక్కుండానే చెల్లెలు జ్వరంతో పోయింది.

"చాలు, ఆపెయ్ బాబూ."

"ఉండండి. చివర కత్తిరించకుండానే పంపారు."

ఎవరో "కట్" అని అరిచారు. చెల్లెలు చటుక్కున తలెత్తి కెమెరా పక్కకు చూసింది.

"అక్కా! వెళ్లిపోకే, వస్తున్నా!"

సీసా అక్కడే పడేసి పరుగెత్తింది. తెర మీద ఆ సీసా మాత్రం మిగిలింది.

"కెమెరా తిరుగుతుంటే తలెత్తకూడదా బాబూ?"

"ఎత్తితే తిడతారు పిన్నిగారూ. ఇంతకీ ఎక్కడికావిడ అంత పరుగు?"

"గేటు దాకా వచ్చుంటుంది," అంది పెద్దావిడ. "నేనప్పటికే బస్సెక్కేశాను."