పంక్తిలో రెండు సీసాలు

1981 ఆగస్టు ఏడు, శ్రావణ శుక్రవారం. ఎదురింటి సూర్యకాంతమ్మ పంపిన పూర్ణం బూరెలు రెండు తిని, మూడోది నోటిదాకా తెచ్చి ఆగిపోయారు జోగేశ్వరరావు మాస్టారు. ఇక దాచుకోవడం ఆయన వల్ల కాలేదు.

"డాక్టరమ్మగారూ, నేనో తప్పు చేశానండి."

మీనాకుమారి రిజిస్టరులోంచి తలెత్తింది. నిడదవోలు దగ్గరి ఆ ఊళ్ళో బోదకాలు జ్వరానికి కొత్త బిళ్ళను పరీక్షించడానికి వచ్చింది ఆమె. చేతికొచ్చిన ఎం.డి. సీటు వదులుకుని, మందులను రోగుల దగ్గర పద్ధతిగా పరీక్షించడం నేర్పే రెండేళ్ళ కొత్త కోర్సులో చేరింది. మొదటి నెల పని నచ్చితేనే ప్రొఫెసరుగారు సీటు ఖాయం చేస్తారు. రోజూ పొద్దున్నే బిళ్ళలు పంచే పని మాస్టారిది, ఆయన అరుగు మీదే. సగం మందికి ఎర్రమూత సీసాలోంచి, సగం మందికి నీలంమూత సీసాలోంచి. ఒకదాంట్లో మందు, రెండోదాంట్లో వట్టి పిండి. ఏది ఏదో ఆమెకూ తెలియదు.

"ఏం చేశారండి?"

"రెండు సీసాలూ పళ్ళెంలో పోసి కలిపేశాను. పదిహేను రోజులైంది."

ఆమె కలం మూత పెట్టేసింది.

"ఎర్రమూత బిళ్ళకి కాలు తేలికపడిందని అచ్చాయమ్మ వీధంతా చాటిందండి. నీలంమూత సూర్యకాంతమ్మ ఊరుకుంటుందా? 'ఆవిడకి మందూ, నాకు పిండీనా? మీ ఆవిడే ఉంటే ఇలా వడ్డించనిచ్చేదా మాస్టారూ?' అంది. ఒకే వరసలో కూర్చోబెట్టి ఒకరికి నెయ్యీ, ఒకరికి నీళ్ళూనా? పంక్తి వంచన అనిపించింది."

"కలిపాక ఏమన్నారు?"

"అందరికీ తగ్గిందన్నారండి."

మీనాకుమారికి నవ్వు రాలేదు. "ఆ ఎం.డి. సీటు ఇంకొకరికి ఇచ్చేశారండి. ఇదీ పోతే ఇంటికి పోవడమే."

"అయితే రాయకండి. నేను మాత్రం ఎవరికి చెబుతాను?"

"నాకు చెప్పకుండా ఉండగలిగారా?"

మర్నాడు తొలి బస్సుకే ఆమె కాకినాడలో ప్రొఫెసరుగారి దగ్గరికి వెళ్ళింది. ఆ పిల్ల చదువు తన చేతులతో చెడిందన్న దిగులుతో మాస్టారు పొయ్యి వెలిగించలేదు. మధ్యాహ్నం సూర్యకాంతమ్మ మజ్జిగ చెంబు అరుగు మీద పెట్టి, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా వెళ్ళిపోయింది. అదే పదివేలనుకున్నారు.

దీపాలవేళకి మీనాకుమారి దాదాపు పరుగున వచ్చింది.

"సీటు ఖాయం చేశారండి!"

"జరిగింది చెప్పారా అసలు?"

"అంతా రాసిచ్చాను. పంక్తి వంచనతో సహా. పడిపడి నవ్వారు. వచ్చే నెల కూడా మీరే పంచాలట. కాకపోతే ఎవరి సీసా వాళ్ళింటికే ఇచ్చేయాలి. ఇదిగో, మీకు ఉత్తరం."

ఆమె బసకు వెళ్ళాక మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్నారు. 'మాస్టారుగారికి నమస్కారం. బిళ్ళలు ఊళ్ళో ఎవరి నోటికి చేరతాయో తెలుసుకోవడానికే ఈ మొదటి నెల. మీరు చెప్పడం, ఆ అమ్మాయి దాచకపోవడం, రెండూ మాకు మేలు చేశాయి. ఈ కింది వాక్యం మాత్రం మీరొక్కరే చదివి, మీలోనే ఉంచుకోవాలి.'

గుండెల మీంచి బండ దిగినట్టయింది. లేచి వీధి తలుపు చప్పుడు కాకుండా మూసి, గడియ పెట్టి, మిగిలిన ఒక్క వాక్యమూ చదివారు.

'రెండు సీసాల్లోనూ పంపినవి పిండి బిళ్ళలే.'