ఊదాపూల చుట్టూ జాలీ

“ముందు ఆ జాలీ పీకీండి. పూలు పోతే పోనీండి. అదొచ్చి పడుకోనీండి,” అంటూ గౌరీశ్వరి మొగుడి చేతిలో కటింగ్ ప్లేయరు పెట్టింది.

జగ్గారావు కదల్లేదు.

మల్కాపురంలోని ఆ చిన్న పెరట్లో క్యాట్‌మింట్ మొక్క మొదటిసారి ఊదారంగు పూలతో విరగబూసింది. ఆ ఆకు వాసన తగిలితే పిల్లులకి ఒళ్లు తెలియదు. పదకొండేళ్లుగా ఇంట్లో మూడో మనిషిలా తిరిగే పిల్లి బుజ్జి, రోజూ దాని మీద దొర్లి మొగ్గలన్నీ నలిపేసేది. గౌరీశ్వరే పోరుపెట్టి మొక్క చుట్టూ ఇనుప జాలీ కట్టించింది. నాలుగు రోజులుగా బుజ్జి జాడ లేదు.

“నా మీద అలిగినాదండి. ఇక్కడే కదా దానికి నిద్ర. జాగా నేకుండా సేసినాను. జాలీ తీత్తే ఆ వాసనకి అదే వత్తాది.”

“వద్దు గౌరీ.”

“ఏటి వద్దు? మీకూ పూలే ఎక్కువైపోనాయా?”

తనే వంగి జాలీకి కట్టిన ఒక తీగ విప్పింది. మొక్క మొదట్లో కొత్తగా తవ్వి పూడ్చిన మట్టి కనిపించింది.

“ఎరువేసినారా?”

జగ్గారావు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“రోడ్డు మీద ఆగిన ట్యాంకరు కింద పడుకున్నాది. డ్రైవరు సూసుకోనేదు. నీకెలా సెప్పాలో తెలీక... దాని జాగాలోనే పడుకోబెట్టినాను.”

గౌరీశ్వరి రెండో అరచెయ్యి ఆ మట్టి మీద ఆనించింది.

“జాలీ తీత్తే కుక్కలు తవ్వేత్తాయి,” అన్నాడు మెల్లగా.

తను విప్పిన తీగని ఆమె మళ్లీ గట్టిగా మెలిపెట్టింది.