తల వాల్చే చోటు

ఆగండాగండి, చేతిలో పనేదైనా ఉంటే పక్కన పెట్టి ఇది వినండి.

"వచ్చాడు! వంగు, వంగు!" అంది వర్నెటా.

కారులో పక్క సీట్లోని చెల్లెలు రొషెల్ చిప్స్ పొట్లంతో సహా కిందికి జారింది. హాథార్న్ స్కూలు గేటు ముందు బూడిదరంగు వ్యాను ఒకటి ఆగింది. అందులో ఉన్నవాడు బ్లెడ్సో. స్కూలు బోర్డులో అడ్రసులు తనిఖీ చేసే ఉద్యోగి. ఏ స్కూల్లో చదవాలన్నా దాని కింద వచ్చే వీధుల్లోనే ఇల్లుండాలి; ఆ హద్దు బయట ఉంటూ దొంగ అడ్రసుతో చేరిన పిల్లల వెంటపడి ఫోటోలు తీయడమే అతని పని. వరసగా ఏడు స్కూలు రోజులు పొద్దున్నే ఇంటి ముందు కాపు కాసి, వర్నెటా కూతురు కియోనా ఫోటోలు తీశాడు.

హాథార్న్ హద్దులో ఉన్నది కియోనా అమ్మమ్మ ఇల్లు, ఆ అడ్రసుతోనే చేర్పించారు. వీళ్ళిల్లు రెండు వీధులు అవతల. అంతే! ఆ రెండు వీధులకే తొమ్మిదేళ్ళ పిల్లని లెక్కల క్లాసు మధ్యలో లేపి ఇంటికి పంపేశారు.

"ఆ రోజు నాతో ఏమన్నాడో తెలుసా? 'పిల్ల రాత్రిపూట తల వాల్చే చోటే అడ్రసు మేడమ్, మిగతావన్నీ కాగితాలే' అన్నాడు. నవ్వుతూ!"

"నిజంగా నవ్వాడా?"

"నవ్వే మొహమే వాడిది!"

కియోనాని తిరిగి చేర్చుకోవాలా వద్దా అని బోర్డు ముందు రేపే విచారణ. కానీ ఇవాళ వర్నెటా చేతికి బంగారంలాంటి సంగతి దొరికింది. బోర్డు ఉద్యోగులు కూడా ఊళ్ళోనే ఉండాలి, దొంగ అడ్రసు ఇస్తే ఉద్యోగం ఊడుతుంది. ఆఫీసులో తెలిసినామె బ్లెడ్సో అడ్రసు చెవిలో ఊదితే, పొద్దున్నే వెళ్ళి ఆ తలుపు కొట్టింది. ఎవరో ముసలాయన తీశాడు.

"బ్లెడ్సోనా? అక్టోబర్లోనే ఖాళీ చేశాడమ్మా. ఉత్తరాలు మాత్రం ఇంకా ఇక్కడికే వస్తున్నాయి."

ఆ మెట్ల మీదే రెండు స్టెప్పులేసింది వర్నెటా. పట్టుకునేవాడిదే దొంగ అడ్రసు! ఇంక వాడి ఫోటోలని నమ్మేదెవరు? వాడు రోడ్డు మీదికి, కియోనా క్లాసులోకి. అందుకే కూతురి ఆకుపచ్చ స్కూలు స్వెటర్ ఉతికి, హ్యాంగర్‌కి తగిలించి, కారు వెనక సీట్లో రెడీగా వేలాడదీసింది.

స్కూల్లోంచి ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతి పరుగెత్తుకొచ్చి వ్యాను ఎక్కింది.

"వాడి కూతురా?" అంది రొషెల్.

"చూడవే, చూడు! వాడు కాపురం ఉండేది నది అవతల ఊళ్ళో అయ్యుంటుంది. కూతురు మాత్రం మన స్కూల్లో! నా పిల్లని గెంటి, వాడి పిల్లని కూర్చోబెట్టాడు."

వ్యాను కదిలింది. వీళ్ళూ కదిలారు. అది వెళ్ళి లైబ్రరీ ముందు ఆగింది. తలుపులు మూసేదాకా తండ్రీ కూతుళ్ళు బయటికి రాలేదు.

"ఇంటికి పోడేంటక్కా?"

"మనల్ని పసిగట్టాడేమో. వెంటపడ్డం వాడి వృత్తి కదే, వాడికి తెలీని వేషాలా!"

తర్వాత ఈతకొలను ఉన్న పార్కు భవనం. అరగంటలో ఇద్దరూ తడి జుట్టుతో, భుజాన తువ్వాళ్ళతో బయటికొచ్చారు. పిల్ల పళ్ళు టకటకమని కొట్టుకుంటున్నాయి. చుట్టూ మంచు.

"జనవరిలో ఈతలేంటక్కా?"

"దొరగారి సరదాలు! చెయ్యనీ. ఇవాల్టితో సరి."

ఆరింటికి పది నిమిషాలుంది. వ్యాను నది వైపు తిరగ్గానే వర్నెటా స్టీరింగు మీద దరువేసింది. బ్రిడ్జి దాటితే అవతలిది వేరే ఊరు. "వీడియో తియ్యవే! ఎక్కు నాయనా, బ్రిడ్జి ఎక్కు!" అంటూనే దొంగ అడ్రసుల ఫిర్యాదు నంబరుకి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టింది. ఎవరో ఈ నంబరుకే ఫోన్ చేసి కియోనాని పట్టించారు మరి.

"మీ పేరు చెప్పక్కర్లేదు మేడమ్," అందొక ఆడగొంతు. "ఎవరి మీద ఫిర్యాదు?"

"మీ బ్లెడ్సో మీదే!"

అవతల కాగితం తిప్పిన చప్పుడు. "...రాసుకుంటున్నాను. లైన్లో ఉండండి."

"నువ్వు ఎంతసేపైనా రాసుకో తల్లీ," అంది వర్నెటా. ఆ మాట నోట్లో ఎంత తియ్యగా ఉందో!

కానీ వ్యాను బ్రిడ్జి ఎక్కలేదు. పక్కదారిలో కిందికి దిగి, బ్రిడ్జి కింద ఆగి ఉన్న రెండు లారీల మధ్య దూరింది. లైట్లు ఆరిపోయాయి.

"ఇక్కడెవరున్నారే?" అంటూ వర్నెటా అల్లంత దూరాన కారాపి, అద్దం తుడిచి చూసింది.

బ్లెడ్సో దిగి వెనక తలుపు తీశాడు. లోపల చిన్న లైటు వెలిగింది. ఈతకొలను తువ్వాళ్ళు ఒక్కొక్కటీ తీసి కిటికీలకి బిగిస్తున్నాడు. ఆఖరి కిటికీ ఇంకా మిగిలే ఉంది. అందులోంచి కనిపించాయి, మడిచేసిన సీట్లు, పరుపు, ఎలుగుబంటి బొమ్మలున్న దిండు. పైన హ్యాంగర్‌కి అదే ఆకుపచ్చ స్వెటర్. పిల్ల తడి జుట్టు పక్కకి తోసుకుని ఆ దిండు మీద తల వాల్చింది.

రొషెల్ ఫోన్ దించేసింది. "అక్కా..."

వర్నెటా చూపు తిప్పుకుంది. అద్దంలో వెనక సీటు కనిపిస్తోంది. కియోనా స్వెటర్ మెల్లగా ఊగుతోంది.

"మేడమ్, ఉన్నారా?" అంది ఫోన్లో గొంతు. "మిగతావన్నీ మేం చూసుకుంటాం. ఆయన రాత్రిపూట తల వాల్చే చోటు ఎక్కడో చెప్పండి చాలు."

మీరైతే ఏం చెప్తారు?