నడుం లోతు

“ఆ వరదకి ఇక్కడ నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?” అని అడిగాడు జిల్లా కౌన్సిల్ నుంచి వచ్చిన లింబని.

ఏటి మలుపులో తాడిచెట్టు చుట్టూ చేరిన జనం లేరన్నట్టు తలలు అడ్డంగా ఊపారు. పద్నాలుగేళ్ల కిందటి ఆ వరదకి ఊరంతా ముందే గుట్ట ఎక్కేసింది. నీటిమట్టం కొలిచే కొయ్య కూడా ఆ వరదలోనే కొట్టుకుపోయింది.

లింబని చేతిలో వరద పటం ఉంది. ఎగువ కొండల మీద చెట్లు ఎక్కడ నాటాలో, రాతికట్టలు ఎక్కడ వెయ్యాలో అన్నీ అందులో గీసేశారు. ఈ మలుపు ఒక్కటే మిగిలింది. నీళ్లు నడుం దాటిన చోట ఎర్రగీత పడుతుంది, అక్కడ ఇక ఇటుక పెట్టనివ్వరు. నడుం దాకానే అయితే పసుపుగీత. అరుగు ఎత్తు చేసి కట్టుకోవచ్చు.

మలుపు భూమి చికాపాది. మొక్కజొన్న వ్యాపారి. రోడ్డు పక్కనే ఉన్న ఆ నేల మీద గోదాము కట్టాలని రెండేళ్లుగా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

“లేకపోవడమేంటి సార్? మా ఎసినాతి ఉందిగా!” అన్నాడు చికాపా హుషారుగా. “ఆ రోజు ఈ చెట్టు పట్టుకునే ఉంది. నా పడవలోనే గట్టుకి చేర్చా. నడుం లోతే. కళ్లారా చూశా. ఏం చెల్లెమ్మా?”

అందరి తలలూ ఎసినాతి వైపు తిరిగాయి.

ఆ రోజు ఊళ్లో ఉన్న పడవ చికాపాది ఒక్కటే. మేకల్ని విప్పడానికి ఆగిన ఎసినాతి, ఆమె మొగుడు లైటన్ నీళ్లలో చిక్కుకుపోయారు. చికాపా బస్తాలు నింపుకుని వాళ్ల ముందు నుంచే పోయాడు. “వచ్చే ట్రిప్పులో!” అని అరిచాడు. వచ్చే ట్రిప్పూ బస్తాలే. మూడో ట్రిప్పుకైతే అటు చూడనైనా చూడలేదు. నాలుగోసారి వచ్చేసరికి ఎసినాతి ఒక్కతే మిగిలింది.

“నడుం లోతు నీళ్లలో ఆగలేక ఈదబోయి పోయాడు. నాదా తప్పు?” అని చికాపా అప్పటి నుంచీ ఊరంతా చెప్పుకుంటూనే ఉన్నాడు. ఎసినాతి ఒక్కసారీ కాదనలేదు. పగను మాత్రం రోజూ తినే నసిమాతో, ఆ మొక్కజొన్న పిండి ముద్దతో పాటు నమిలి మింగింది.

“వదినా, పీకల దాకా వచ్చాయని చెప్పు!” లైటన్ చెల్లెలు లోఫిన చెయ్యి పట్టుకుని గుంజింది. “మా అన్న పోయిన చోట వీడు బస్తాలు పేర్చుకుంటాడా?”

ఎసినాతి చెయ్యి విడిపించుకుంది. చికాపాని అడిగింది.

“గోదాములో ఎవరుంటారు అన్నయ్యా?”

“బస్తాలుంటాయి. ఇంకెవరుంటారు?”

“మరి కాపలా?”

“నేనే. ఎవడి చేతికైనా తాళమిస్తే గింజ మిగులుతుందా? వానాకాలమంతా నా పడక బస్తాల మీదే.”

“మీ ఆవిడ, పిల్లలు?”

“వాళ్లకి గుట్ట మీద ఇల్లుందిగా. ఇక్కడ వాళ్లకేం పని?”

ఎసినాతి తలూపి తాడిచెట్టు దగ్గరికి నడిచింది.

“ఇక్కడేనా అమ్మా మీరున్నది?” అడిగాడు లింబని.

“ఈ చెట్టు దగ్గరే.”

“నీళ్లు ఎంతవరకు వచ్చాయి?”

“నా నడుం దాకా.”

“ఒట్టేసి చెప్పగలరా?”

“లైటన్ మీద ఒట్టు.”

లింబని ఆమెను చెట్టు పక్కన నిలబెట్టాడు. నడుం ఎత్తున మానుకి రంగు పూశాడు. పటం మీద పసుపుగీత పడింది. చికాపా మొహం వెలిగిపోయింది.

“ఎన్ని బస్తాలిచ్చాడే నీకు?” అంది లోఫిన, ఇంటికెళ్లే దారిలో.

“ఒక్క గింజ ముట్టలేదు.”

“మరెందుకలా చెప్పావ్?”

“దొంగ ఒట్టు వెయ్యమంటావా?”

లోఫిన ఆమె ఇంటి ముందు ఉమ్మేసి వెళ్లింది. ఆ రోజు నుంచి ఊళ్లో ఆడవాళ్లు ఎసినాతితో కలిసి మొక్కజొన్న దంచడం మానేశారు. ఆమె ఒంటరిగా దంచుకుంది. బాధపడింది కానీ మాట మార్చలేదు.

గోదాము లేచింది. చికాపా తెలివైనవాడు. అరుగును ఆ రంగు గుర్తు కన్నా రెండు ఇటుకలు ఎత్తే వేయించాడు. పటం నకలు తలుపు మీద అంటించాడు. డిసెంబరు చివరికి గోదాము నిండా బస్తాలే.

వానలు ముదిరే జనవరిలో ఎగువ కొండల మీద మూడు రోజులు కుండపోత. నాలుగో రోజు మధ్యాహ్నం వరద కమిటీవాళ్లు ఈలలు ఊదారు. జనం మేకల్నీ గిన్నెల్నీ పట్టుకుని గుట్టెక్కారు.

“చికాపా గారూ, వచ్చెయ్యండి!” అని కమిటీ మనిషి గోదాము ముందు గొంతు చించుకున్నాడు.

“నడుం లోతుకి పారిపోతానా? నేనిటు రాగానే దొంగలు అటు దిగుతారు. పటం చూడవయ్యా, పటం!” అని చికాపా ఇనుప తలుపు మూసి లోపల గడియ పెట్టుకున్నాడు.

గుట్ట మీద లోఫిన చాలా నెలల తర్వాత ఎసినాతి పక్కకి వచ్చి నిలబడింది. కింద తాడిచెట్టు మీది రంగు అప్పటికే మునిగిపోయింది. నీళ్లు ఇంకా పైకే వస్తున్నాయి.

“వదినా, వాడు లోపలే ఉన్నాడు. ఆ రోజు నిజంగా నీ నడుం దాకేనా?”

“నా నడుం దాకే,” అంది ఎసినాతి, చెట్టు మీంచి చూపు తిప్పకుండా.

ఆ రోజు తాడిచెట్టును వాటేసుకుని నేల మీద నిలబడింది లైటన్; ఎసినాతి నిలబడింది అతని భుజాల మీద.