వెనక నుంచి హారన్

ఆ సాయంత్రం పంజాగుట్ట చౌరస్తాలో ట్రాఫిక్ రూల్సన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తున్నవాడు ఒక్కడే. వాడు దొంగ.

పేరు రాకేశ్. ఇందాకే ఒక బేకరీ ముందు నల్ల బైకు కనిపించింది. దాని ఓనరెవరో గానీ తాళంచెవి బండికే వదిలేసి, హెల్మెట్ అద్దానికి తగిలించి, కర్రీపఫ్ కోసం లోపలికి పోయాడు. రాకేశ్ ఆ హెల్మెట్ పెట్టుకున్నాడు, తాళం తిప్పాడు, వచ్చేశాడు. ఇంకోసారి దొంగతనం చేస్తే పుట్టింటికి పోతానని భార్య సుష్మిత గట్టిగానే చెప్పింది. అందుకని ఇదే ఆఖరిది అనుకున్నాడు. కిందటిసారీ అలాగే అనుకున్నాడు.

దొంగబండి మీద ఉన్నవాడు పోలీసు కంట్లో పడకూడదు. అందుకే పసుపు లైటు పడగానే రాకేశ్ బుద్ధిగా గీతకు ఇవతలే ఆగాడు.

అంతే, వెనక హారన్ల మోత మొదలైంది.

"ఓ భాయ్, ఇంకా రెడ్డు పడలే! జర నడువ్!" అని అరిచాడు ఆటోవాడు.

ఒకడు బండిని ఫుట్‌పాత్ ఎక్కించి దూసుకుపోయాడు. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని రాంగ్‌రూట్లో ఎదురొచ్చిన ఇంకొకడు, దారివ్వలేదని రాకేశ్‌నే గుర్రుగా చూశాడు. ఒక కారు కుడివైపు ఇండికేటర్ వేసి ఎడమకు తిరిగింది. 'ఛీ, మనుషులకు చట్టమంటే భయమే లేకుండా పోయింది' అనుకున్నాడు రాకేశ్, మనస్ఫూర్తిగా.

సిగ్నల్ దాటాక మిగతా హారన్లన్నీ చెదిరిపోయాయి. ఒక్కటి మాత్రం వదల్లేదు. అద్దంలో చూశాడు. పాత ఆకుపచ్చ స్కూటరు. దాని మీద బట్టతల పెద్దమనిషి. ఆగమని చేత్తో సైగ చేస్తున్నాడు.

ఓనరే అనుకున్నాడు రాకేశ్!

స్పీడు పెంచుదామంటే ముందు బస్సు. స్టాపు వదిలేసి నడిరోడ్డు మీద జనాన్ని ఎక్కించుకుంటోంది. పక్కనుంచి దూరదామంటే గుంత. గుంత తప్పిద్దామంటే మెట్రో పిల్లరు. వెనక పీం పీం ఆగలేదు. చివరికి అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లున్న సందులోకి తిప్పేశాడు. అప్పుడే క్లాసులు వదిలారు. ఇసుక వేస్తే రాలనంత జనం, ఆ జనం మధ్యలో వెనక్కి వస్తున్న వాటర్ ట్యాంకరు.

స్కూటరు నింపాదిగా వచ్చి పక్కన ఆగింది.

రాకేశ్ బండి దిగి రెండు చేతులూ జోడించాడు.

"సార్, తప్పైంది. మీ బండి మీరు తీస్కపోండ్రి. పోలీసోళ్లకు మాత్రం చెప్పకుండ్రి. గీ సంగతి తెలిస్తే నా పెండ్లాం ఉండదు సార్."

పెద్దమనిషి వాణ్ణీ, బైకునీ ఎగాదిగా చూసి చెయ్యి చాపాడు. రాకేశ్ ఆ చేతిలో తాళంచెవి పెట్టి, హెల్మెట్ కూడా తీసి ఇచ్చాడు.

"ఏంటి బాబూ ఇది? నిక్షేపంలాంటి కుర్రాడివి. నీకెందుకు చెప్పు ఈ పని?"

ఆ గొంతులో కోపం లేదు. తిట్లూ తన్నులూ అయితే రాకేశ్‌కి కొత్త కాదు. ఈ మెత్తదనమే వాడి కళ్ళల్లో నీళ్ళు తెప్పించింది.

"సరే, అయిందేదో అయింది. రెండు బళ్ళూ నేనొక్కణ్ణే ఎలా నడపను? ఎస్.ఆర్. నగర్ దాకా ఈ స్కూటరు తీసుకుని నా వెనకే రా. స్విచ్ పాడైందిలే, తాళం అక్కర్లేదు, కిక్ కొడితే చాలు. ఇంటికొచ్చి కాఫీ తాగి వెళ్దువుగాని."

"నన్ను నమ్ముతుండ్రా సార్?"

"మనిషన్నాక నమ్మకపోతే ఎలా బాబూ?" అంటూ ఆయన బైకెక్కాడు.

రాకేశ్ కళ్ళు తుడుచుకుని స్కూటరు కిక్ కొట్టాడు. పెద్ద రోడ్డెక్కాక సిగ్నల్ దగ్గర పసుపు లైటు పడింది. పెద్దమనిషి దాటేశాడు. రాకేశ్ ఆగిపోయాడు.

పక్కనే ఖాళీ సందు. అటు తిప్పితే ఈ స్కూటరు తనదే. హ్యాండిల్ కాస్త అటు తిరిగింది కూడా. కానీ ఆ మనిషి వీధి మలుపులో తన కోసం ఎదురు చూస్తుంటాడు, ఇంట్లో కాఫీ కలపమని చెప్పి ఉంటాడు. రాకేశ్ హ్యాండిల్‌ని తిన్నగా తిప్పుకున్నాడు. ఇవాళ జరిగిందంతా సుష్మితకి చెప్పాలి. ఒక్క మాట కూడా దాచకూడదు.

ఇంతలో కానిస్టేబుల్ ఒకాయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఇంకెప్పుడైనా అయితే రాకేశ్ మొహం పక్కకు తిప్పుకునేవాడు. ఇవాళ నిండుగా నవ్వాడు. కానిస్టేబుల్ నంబరు ప్లేటు చూశాడు, ఫోన్లో ఏదో చూశాడు, వాడి కాలరు పట్టుకుని రోడ్డవతల ఉన్న ఎస్సైకి వినబడేలా అరిచాడు.

"సార్, దొరికిండు! పొద్దుగాల బేగంపేటల పోయిన స్కూటరు గిదే!"

"అయ్యో, గిది నేను కొట్టేసింది కాదన్నా! నేను కొట్టేసింది బైకు!" అనేశాడు రాకేశ్ కంగారులో. ఇక దాచి లాభం లేదు. "ఆ బైకు ఓనరే నన్ను మాఫ్ చేసి, గీ స్కూటర్ తెమ్మని ఇచ్చిండన్నా. బట్టతల ఉంటది, మస్తు మంచోడు. ఇంటికి కాఫీకి సుత పిలిచిండు!"

కానిస్టేబుల్ కాలరు వదిలి, జాలిగా వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆయన ఏ బండికీ ఓనర్ కాదురా. బండ్లు ఎత్తుకపోయేటోళ్లను చూసి, ఎనక పడి హారన్ కొడ్తడు. ఈ నెలల ఆయన కాఫీకి పిలిచినోళ్లల్ల నువ్వు మూడోటోనివి."