స్వల్పంగా తేమ

"ఇదేంటి బాబూ?" అంటూ ఆవిడ కారు ఎడమ హెడ్‌లైటు మీద వేలితో టకటకా కొట్టింది.

లోపల నీళ్ళు కదిలాయి.

"తేమ మేడమ్," అన్నాడు సర్వీసు సెంటర్ అడ్వైజరు. అతని టై నున్నగా ఉంది. నవ్వు అంతకన్నా నున్నగా ఉంది.

"తేమా? రెండు చేపపిల్లల్ని వదిలితే ఇందులో హాయిగా కాపురం చేసుకుంటాయి. దీన్ని తేమంటారా?"

ఆవిడ నర్సు. ఆసుపత్రి ఊరి బయట ఉంది. తెల్లవారకముందే కాలవ గట్టు మీద తొమ్మిది కిలోమీటర్లు తనే కారు నడుపుకుంటూ డ్యూటీకి వెళ్ళాలి. ఆ దారిలో ఒక్క వీధి దీపం కూడా లేదు. భర్తకి డ్రైవింగ్ రాదు. వెనకాల సంచీ పట్టుకుని నిలబడటం మాత్రం బాగా వచ్చు. ప్రస్తుతం ఆ పనిలోనే ఉన్నాడు.

"నిన్న పొద్దున ఒక సైకిలాయన తృటిలో బతికిపోయాడు," అంది ఆవిడ. "కాలవ ఎక్కడో, రోడ్డు ఎక్కడో తెలియలేదు నాకు. ఇన్నాళ్ళూ ఆసుపత్రికి యూనిఫాం వేసుకుని వెళ్ళాను. రేపు స్ట్రెచర్ మీద వెళ్ళేలా ఉన్నాను. వారంటీ ఇంకా రెండేళ్ళుంది. దీపం మార్చండి."

"తప్పకుండా మేడమ్. ముందు ఒక పరీక్ష ఉంటుంది. లైట్లు వేసి పది నిమిషాలు చూస్తాం. తేమ తగ్గితే ఏ ఇబ్బందీ లేనట్టే."

"తగ్గకపోతే?"

"ఇంకో పది నిమిషాలు చూస్తాం."

"అలా ఎంతసేపు?"

"తగ్గేదాకా మేడమ్."

నలభై నిమిషాలు చూశారు. అద్దానికి అంటుకున్న చుక్కలన్నీ కలిసి ధారలు కట్టాయి. అడ్వైజరు మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసి, "కొంచెం తగ్గినట్టే ఉంది," అన్నాడు.

ఇంతలో పక్క కారు కిందనుంచి ముసలి మెకానిక్ ఒకాయన బయటికొచ్చాడు. చేతులు తుడుచుకుని, బానెట్ ఎత్తి, టార్చి వేసి దీపం వెనక్కి తొంగిచూశాడు.

"రబ్బరు మూత చీలిందమ్మా. గాలాడే గొట్టం మట్టితో పూడుకుపోయింది. నీళ్ళు లోపలికి వస్తున్నాయి గానీ ఆవిరై పోయే దారి లేదు. దీపం ఊడదీసి, తెరిచి ఆరబెట్టి, కొత్త మూత వేసి అతికిస్తే సరి. సాయంత్రానికల్లా ఇచ్చేస్తాను."

ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. అడ్వైజరుకి ప్రాణం మీదికొచ్చింది.

"నువ్వెళ్ళి నీ పని చూసుకో పెద్దాయనా," అని మెకానిక్‌ని పంపేసి, ఆవిడ వైపు తిరిగాడు. "దీపం తెరిస్తే వారంటీ పోతుంది మేడమ్. తెరవకపోతే ఉంటుంది."

"ఉండి ఏం చేస్తుంది?"

"ఉంటుంది మేడమ్."

"మరి మార్చి ఏడవండి!"

అడ్వైజరు నిట్టూర్చి, కారుతో పాటు ఇచ్చే పుస్తకం తీశాడు. పేజీ వెతకలేదు. పుస్తకం దానంతటదే నూట పన్నెండో పేజీ దగ్గర తెరుచుకుంది. మిగతా పేజీలన్నీ కొత్తగా తళతళలాడుతుంటే ఆ ఒక్కటీ వేలిముద్రలతో నల్లబడి ఉంది.

"వినండి మేడమ్. 'వాతావరణాన్ని బట్టి హెడ్‌లైట్ల లోపల స్వల్పంగా తేమ చేరడం సహజమే గానీ లోపం కాదు.'"

"స్వల్పంగా అంటే ఎంత? చెంచాడా? చెంబుడా?"

"అది రాయలేదు."

"ఎందుకు రాయలేదు?"

"అదే కదా మేడమ్ దాని గొప్పతనం!" అడ్వైజరు కళ్ళు మెరిశాయి. "బంగారం లాంటి వాక్యం. రోజుకి పదిమంది వస్తారు, పదిమందికీ ఇదే చదువుతాను. ఇది లేని రోజుల్లో అడిగినవాళ్ళందరికీ దీపాలు మార్చి ఇచ్చేవాళ్ళం. నమ్ముతారా?"

భర్త గోడ మీది క్యాలెండరును శ్రద్ధగా చూస్తున్నాడు. అది పోయిన నెలది.

ఆవిడ ఆయన చొక్కా పట్టుకుని పక్కకి లాగింది. "ఏవండీ, అలా గుడ్లప్పగించి చూస్తారేంటి? ఒక్కసారి మీరూ ఈ కంపెనీ ఆఫీసులోనే పనిచేస్తారని చెప్పండి. దెబ్బకి దారికొస్తాడు."

"ఊరుకోవే. చెప్తే ఉన్న పరువు కూడా పోతుంది."

"నా ప్రాణం పోయినా ఫరవాలేదన్నమాట!"

ఆ మాటకి ఆయన ఉలిక్కిపడ్డాడు. గొంతు సవరించుకుని, సంచీ అటునుంచి ఇటు మార్చుకుని, అడ్వైజరు దగ్గరికి వెళ్ళాడు. "చూడండి, నీళ్ళు ఇంత నిలిస్తే స్వల్పం అనడానికి కుదరదేమో..."

"సార్," అన్నాడు అడ్వైజరు జాలిగా, "ఈ వాక్యం మీద లాయర్లే కోర్టులో ఓడిపోయారు."

ఆయన మొహం ఒక్క క్షణం వెలిగింది. భార్య చూస్తోందని గమనించగానే మళ్ళీ వాడిపోయింది.

కొత్త దీపం సొంత డబ్బుతో కొనుక్కుంటే మూడు వారాలకి వస్తుందన్నారు. తేమ సహజమేనని తనకు అర్థమైనట్టు ఆవిడ చేత ఒక కాగితం మీద సంతకం కూడా పెట్టించుకున్నారు. పెన్ను కాగితాన్ని చింపేసింది.

ఆవిడ వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుంది. బయట మబ్బు పట్టి ఉంది. రేపు ఉదయం డ్యూటీ. చీకటి, వాన, కాలవ. కళ్ళనీళ్ళు ఆగలేదు.

"ఆ వాక్యం రాసినవాడెవడో గానీ," అంది ముక్కు చీదుతూ, "వాడి పెళ్ళాం కూడా ఇలాంటి దీపాలు పెట్టుకుని ఆ కాలవ గట్టు మీద పోవాలి! అప్పుడు తెలుస్తుంది వెధవకి!"

ఆయన పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. ఆ కారు, ఆ ఒక్క వాక్యం రాసి వేలకొద్దీ దీపాలు మిగిల్చినందుకు కంపెనీ ఆయనకి ఇచ్చిన బహుమతి.